కట్ట మీది రాయి

ఒక గుట్ట. దానికి తూర్పున ఒక ఊరు, పడమట ఒక ఊరు. గుట్ట మీద కురిసిన వాన సగం ఇటు జారి తూర్పు చెరువులో పడేది, సగం అటు జారి పడమటి చెరువులో పడేది. నిండిన ఏడు రెండు చెరువులూ అలుగు పారేవి. నిండని ఏడు రెండు ఊళ్లూ ఆకాశం కేసి చూసేవి.

తూర్పూరి చెరువు తూము ఎత్తడానికి ఒక ఇనుపగడ ఉండేది. తాతల నాటి నుంచి అది పెద్దింటి వసారా గోడకే వేలాడేది. నీరటి పొద్దున్నే వెళ్లి వాకిట్లో నిలబడాలి. వాళ్లు ఇస్తే తెచ్చి తూము ఎత్తాలి, మళ్లీ తీసుకెళ్లి అక్కడే తగిలించాలి. పెద్దింటి మడులు నిండాక, వాళ్ల చుట్టాల మడులు నిండాక, మిగిలితే కింది ఆయకట్టుకు. మిగిలేది కాదు. కింది రైతులు నారు పోసి, నాట్లు వేసి, పైరు పొట్టకొచ్చే వేళకు ఎండబెట్టుకునేవారు. చెరువులో పూడిక తీసేది మాత్రం వాళ్లే. కట్టకు గండి పడితే అర్ధరాత్రి గంపలతో మట్టి మోసేదీ వాళ్లే.

మూడేళ్లు వరసగా వానలు తప్పాయి. మూడో ఏట, చాలాకాలం ఊరు విడిచి బతికిన ఒకతను తిరిగొచ్చాడు. చదువుకున్నవాడు. వచ్చీ రాగానే ఉపన్యాసం చెప్పలేదు, లెక్క అడిగాడు. ఈ చెరువులో ఎవరెవరు ఎన్ని గంపల పూడిక ఎత్తారు? ఎవరి మడికి ఎన్ని తడులు అందాయి? రెండు లెక్కలూ పక్కపక్కన వేసి కింది ఆయకట్టు వాళ్లకు చూపించాడు. ఆ లెక్కలో తప్పు లేదు. తర్వాత ఏం జరిగినా, ఆ లెక్క మాత్రం నిజం.

ఒక రాత్రి జనం కదిలి వెళ్లి పెద్దింటి గోడ మీది గడ తెచ్చుకున్నారు. తెల్లారేసరికి కట్ట మీద ఒక రాయి పాతారు. దాని మీద రెండు మాటలు చెక్కించారు: ఈ నీళ్లు అందరివి, ఈ గడ ఎవరి సొత్తూ కాదు.

మరి గడ ఎవరి దగ్గర ఉండాలి? "పెద్దింటివాళ్లు ఇంకా పొలిమేరలోనే ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్ల పెద్దిళ్లన్నీ మన మీద కన్నేసి ఉన్నాయి. ఆ ప్రమాదం గడిచేదాకా నా దగ్గర ఉండనివ్వండి," అన్నాడతను. అందరూ సరేనన్నారు. ఆ పూట అది సబబుగానే అనిపించింది.

మొదటి ఏడు కింది ఆయకట్టుకు నీళ్లొచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన మడిలో నీళ్లు నిలబడటం చూసి ఒక ముసలామె గట్టు మీద కూలబడి ఏడ్చింది. అతను బడి పెట్టించాడు. పాలేర్ల పిల్లలు కూడా అక్షరాలు దిద్దారు. వాళ్లు కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం కట్ట మీది రాతిదే.

పెద్దింటి బావులు ఊరి బావులయ్యాయి. ఆ తర్వాత, రెండు జతల ఎడ్లున్నవాళ్లు కూడా పెద్దింటివాళ్లే అన్నారు. ఆ తర్వాత ఒక జత ఉన్నవాళ్లు. చివరికి ఒంటెద్దు రైతు కూడా రాత్రికి రాత్రి పెద్దింటివాడయ్యాడు. కల్లాలన్నీ కలిపేశారు. పంటంతా ఒకే గరిసెలో పోయాలి, అక్కణ్నుంచి అందరికీ సమానంగా కొలుస్తారు. కొలిచేది అతని మనుషులు. చెరువుకు ఇనుప తలుపులు చేయించాలి, దానికి డబ్బు కావాలి, అందుకని గరిసెలోది బండ్లకెత్తి బయటి ఊళ్లకు అమ్మేవారు. ఒక ఏడు పంట తగ్గింది. కొలత మాత్రం తగ్గడానికి వీల్లేదన్నారు. విత్తనాలతో సహా ఊడ్చుకుపోయారు. కోతలయ్యాక చేలో రాలిన కంకులు పరిగ ఏరుకోబోయిన ఆడవాళ్లను, ఊరి సొత్తు దొంగిలించారని కట్టేశారు. ఆకలికి తాళలేక గుట్ట దాటబోయినవాళ్లను కనుమ దగ్గర ఆపి వెనక్కి తోలారు. నీళ్లున్న చెరువు కింద, పండిన చేల మధ్య జనం చచ్చిపోయారు.

అడిగినవాళ్లు లేకపోలేదు. గడ తెచ్చిన రాత్రి అతనితో కలిసి నడిచినవాళ్లే మొదట అడిగారు, "అన్నా, ఆ ప్రమాదం ఇంకా గడవలేదా?" అని. వాళ్లే మొదట కనబడకుండా పోయారు. ఊళ్లో పెద్దింటివాళ్లు ఒక్కరూ మిగల్లేదు. అయినా పెద్దింటి మనుషులు రోజూ కొత్తగా దొరుకుతూనే ఉన్నారు.

ఇంత జరిగినా అతను ఆ రాయిని పెకలించలేదు. ఏటా సున్నం కొట్టించేవాడు, పండగపూట దండ వేసేవాడు. గడ అతని చేతిలో ఉండటానికి ఉన్న ఆధారం ఆ రాయి ఒక్కటే. ఒక సాయంత్రం, ఆనాడు గట్టు మీద కూలబడి ఏడ్చిన ముసలామె మనవణ్ని కట్ట మీదికి తీసుకెళ్లి, "దాని మీద ఏముందో గట్టిగా చదువు నాయనా," అంది. వాడు చదివాడు. ఆమె ఇంకో మాట అనలేదు. కట్ట మీద ఉన్నవాళ్లంతా తలలు దించుకున్నారు. మర్నాడు ముసలామె ఇంట్లో లేదు.

పడమటూరికీ అదే గుట్ట, అదే కరువు. అక్కడి కింది ఆయకట్టు రైతులు ఎవరి గోడ మీది గడనూ లాక్కోలేదు. ఒక పాక వేసుకుని సంఘం పెట్టుకున్నారు. వంతులవారీగా నీళ్లు వదలండి, కూలి పెంచండి, లేదంటే పూడికకు రాము అన్నారు. పైమడుల ఆసాములకు నిద్ర పట్టలేదు. తూర్పూరి సంగతులు గుట్ట దాటి వస్తున్నాయి మరి.

అప్పుడు ఒకతను లేచాడు. ఒకప్పుడు కిందివాళ్ల తరఫునే గొంతెత్తినవాడు. పొరుగూరితో జరిగిన పొలిమేర కొట్లాట నుంచి వేరే మనిషై తిరిగొచ్చాడు. వెంట కర్రలు పట్టిన కుర్రాళ్లు. గంపలూ తడులూ లెక్క వేయడం అతనికి గిట్టదు. మనకు కరువైంది పౌరుషం అన్నాడు. మన తాతలు పన్నెండు చెరువులు ఏలారన్నాడు. మనవాళ్లు ఇటు, వాళ్లు అటు అని ఊరి నడుమ గీత గీశాడు. గీతకు అవతల సంఘం పాకను పెట్టాడు. ఒక్కటిగా ఉన్న ఊరిని అది పైవాళ్లు, కిందివాళ్లు అని చీలుస్తోందట. నేతగాళ్ల వీధినీ అవతలే పెట్టాడు. వాళ్లు ఏడు తరాల కిందట ఎక్కణ్నుంచో వచ్చినవాళ్లట. ఆ వీధివాళ్లకు చెరువు కింద ఒక్క సెంటు మడి లేదు. అయినా చెరువు ఎండిన పాపం వాళ్ల మీద పడింది.

కుర్రాళ్లు రాత్రిపూట బండ్లు కట్టుకెళ్లి సంఘం పాకకు నిప్పు పెట్టారు. బండ్లకు ఎడ్లిచ్చింది పైమడుల ఆసాములే. కర్రలకూ భోజనాలకూ డబ్బిచ్చిందీ వాళ్లే. ఊరి కాపలావాళ్లు అటు తిరిగి నిలబడ్డారు. చివరికి ఒక పొద్దున, గడ కోసం అతను మందితో వస్తున్నాడని ఊరి పెద్దకు కబురొచ్చింది. ఊరి పెద్ద దగ్గర కాపలావాళ్లున్నారు. దారి మూయండి అని ఒక్క మాటంటే చాలు. అనలేదు. పట్టపగలు, మేళతాళాలతో, తానే గడ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. కిందివాళ్లను అణిచేదాకా వాడుకుని తర్వాత పక్కన పెట్టొచ్చు అనుకున్నాడు.

అక్కడ కట్ట మీద ఎవరూ రాయి పాతలేదు. ఆసాముల బావులు ఆసాములవే. ముందు పైమడులే తడవాలన్న వరస మారలేదు. కిందివాళ్లకు అతను ఒకే రంగు చొక్కాలు పంచాడు, మీరంతా సింహాల బిడ్డలన్నాడు. చొక్కాలు ఒకటయ్యాయి, తడులు ఎప్పటిలాగే ఉన్నాయి. పూడికకు రామనడం నేరమైంది. ఆ చొక్కా చాలామందికి నిజంగానే నచ్చింది, ఆ సంగతి దాచకూడదు. తాను ఇంకొకడి కన్నా పుట్టుకతోనే ఎక్కువవాణ్నన్న మాట ఆకలిగొన్నవాడికి కూడా కాసేపు కడుపు నింపుతుంది.

నేతగాళ్ల వీధిని మొదట చెరువులో ముంత ముంచనివ్వలేదు. తర్వాత వాళ్ల తలుపుల మీద గుర్తులు వేశారు. తర్వాత వీధి చుట్టూ కంప నాటారు. ఒక చలికాలం తెల్లారి చూస్తే ఆ వీధి లేదు. మగ్గాల గుంటలు మిగిలాయి. నువ్వు చెప్పిందొకటి చేసిందొకటి అని అతన్ని నిలదీయడానికి ఎవరికీ మాట దొరకలేదు. మొదటి రోజు చెప్పిందే అతను చేశాడు.

పాక కాలిన రాత్రి, సంఘం లెక్కలు రాసే ఆయన కూతురు గుట్ట దాటి తూర్పుకు పారిపోయింది. రాయి ఉన్న ఊరు కదా అని. అక్కడి బడిలో పిల్లలకు చదువు చెప్పింది. గరిసె కొలతల దగ్గర ఒకరోజు ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఆమెను పూడిక గుంటలోకి దించారు. ఎండలో, మంచులో అక్కడే మట్టి మోసింది.

తెల్లారి లేస్తే ఒకరినొకరు తిట్టుకునే ఆ ఇద్దరూ ఒకనాడు కనుమ దగ్గర కలుసుకున్నారు. గుట్టకు ఉత్తరాన మూడో ఊరుంది, దానికీ ఒక చెరువుంది. దాన్ని చెరిసగం పంచుకోవాలి. బేరం కుదిరాక తూర్పాయన స్నేహానికి గుర్తుగా, తన గుంటలో ఉన్న పడమటి మనుషులను కనుమ దాటించి అప్పగించాడు. వాళ్లలో ఆ అమ్మాయి ఉంది.

పడమటి గుంటలో ఆమెకు పాత సంఘం మనుషులు కనబడ్డారు. తూర్పున తను చూసిందంతా చెప్పింది. వాళ్లు ఒక్క ముక్క నమ్మలేదు. "కట్ట మీద అట్లా రాసి ఉన్న ఊళ్లో ఇట్లా ఎందుకు జరుగుతుంది?" అన్నారు. ఆమెతో మాటలు మానేశారు.

నీతి

రెండు ఊళ్లలోనూ జనం చచ్చారు కాబట్టి రెండూ ఒకటే అని చేతులు దులుపుకుంటే ఈ కథ చెప్పుకుని ప్రయోజనం లేదు. గుంటలో ఉన్న ఆ అమ్మాయి అలా అంటే అనొచ్చు, ఆమెకు ఆ హక్కుంది. బయట ఉన్న మనం గడ ఏ దారిన చేతులు మారిందో చూడాలి, ఒక చోట రాయి ఎందుకు పాతారో, ఇంకో చోట ఎందుకు పాతలేదో అడగాలి. నాకు తోచిన నీతి ఇది: కమ్యూనిజం పేరుతో ఏలినవాళ్లు ఇచ్చిన మాట తప్పి మనుషుల్ని చంపారు, ఫాసిస్టులు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికే చంపారు.

కమ్యూనిజం లెక్కతో మొదలైంది. 1848లో మార్క్స్, ఎంగెల్స్ లండన్‌లో అచ్చువేయించిన ప్రణాళిక గానీ, 1867లో వచ్చిన 'పెట్టుబడి' మొదటి సంపుటం గానీ అడిగింది ఒక్కటే: వస్తువును తయారుచేసే చేతులకు దాని విలువలో ఎంత దక్కుతోంది, యంత్రం సొంతదారుకు ఎంత పోతోంది? జవాబు ఏ ఒక్క జాతి కోసమో చెప్పలేదు. ఏ దేశపు కూలీ అయినా కూలీయే. వర్గాలు పోతాయి, చివరికి రాజ్యమూ రాలిపోతుంది. అయితే నడుమ ఒక దశ ఉంది, శ్రామికవర్గ నియంతృత్వం. 'ఆ ప్రమాదం గడిచేదాకా' అన్న మాట అక్కడుంది. నా దృష్టిలో ఆ సిద్ధాంతానికి పడ్డ గండి అదే. గడ తీసుకునే రోజు రాశారు, తిరిగి ఇచ్చే రోజు రాయలేదు. ఇవ్వనంటే అడిగేదెవరో అసలే రాయలేదు.

రష్యాలో ఆ గండి నెలల్లోనే తెగింది. 1917 నవంబరు ఎన్నికల్లో బోల్షివిక్కుల కన్నా సోషలిస్టు రివల్యూషనరీలకు ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఆ రాజ్యాంగ సభను 1918 జనవరిలో ఒక్క రోజు కూర్చోనిచ్చి మూసేశారు. రహస్య పోలీసు వ్యవస్థ చేకా అప్పటికే పుట్టింది. 1921 మార్చిలో క్రోన్‌స్టాట్ నావికులు, 1917లో విప్లవానికి అండగా నిలిచినవాళ్లే, సోవియట్లకు స్వేచ్ఛగా ఎన్నికలు పెట్టమని అడిగారు. మంచు గట్టిన సముద్రం మీదుగా సైన్యాన్ని పంపి వాళ్లను అణిచేశారు. "అన్నా, ప్రమాదం ఇంకా గడవలేదా" అని అడిగినవాళ్లు వీళ్లే.

పరిగ ఏరిన ఆడవాళ్లనూ నేను కల్పించలేదు. ఉమ్మడి పొలాల ధాన్యం దొంగిలిస్తే కాల్చివేత, దయ తలిస్తే పదేళ్ల శిక్ష అని 1932 ఆగస్టు 7న స్టాలిన్ ప్రభుత్వం చట్టం చేసింది. కంకులు ఏరుకున్నవాళ్ల మీద దాన్ని ప్రయోగించారు. 1933 జనవరిలో ఉక్రెయిన్ రైతులు ఊళ్లు దాటిపోకుండా దారులు మూశారు. ప్రపంచంలోని అతి సారవంతమైన నల్లనేలల్లో ఒకటి అది. అక్కడ ముప్పై అయిదు లక్షలకు పైగా మనుషులు తిండి లేక చచ్చిపోయారు. కజకిస్తాన్‌లో పశువులను లాక్కోవడంతో పదిహేను లక్షల దాకా పోయారు. ఆ ఏళ్లలో కూడా ధాన్యం ఓడలకెక్కి విదేశాలకు వెళ్లింది. తర్వాత 1937-38లో, పోలీసుల సొంత లెక్కల ప్రకారమే, దాదాపు 6.8 లక్షల మందిని కాల్చి చంపారు. వాళ్లలో ఆ పార్టీని కట్టినవాళ్లున్నారు. చైనాలో 1958 తర్వాత వచ్చిన కరువు చావులు కోట్లలో ఉన్నాయి. అక్కడా గరిసె ఒకటే, కొలతే దొంగది.

తెలుగువాళ్లకు పెద్దింటి గోడ మీది గడ కట్టుకథ కాదు. నిజాం ఏలుబడిలో దొరల గడీల ముందు వెట్టి చేసిన తరం ఇంకా జ్ఞాపకాల్లో ఉంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగినప్పుడు జనం లేచింది ఏ విదేశీ పుస్తకమో చదివి కాదు. భూమి లెక్క, వెట్టి లెక్క వాళ్ల ఒంటికి తెలిసిన లెక్క. అదే ఉద్యమం నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి 1952లో నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచి లోక్‌సభలో కూర్చున్నారు. 1957లో కేరళ ఓట్లేసి కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని తెచ్చుకుంది. పశ్చిమ బెంగాల్‌లో 34 ఏళ్లు ఏలిన వామపక్షం 2011లో ఓడి, కుర్చీ దిగి వెళ్లింది. గడను తిరిగి ఇచ్చే రోజు రాజ్యాంగంలో రాసిపెట్టిన చోట ఆ రాయికీ గడకూ ఉన్న సంబంధం వేరేగా ఉంటుందని నాకు ఇవి చూస్తే అనిపిస్తుంది. అయితే మాస్కో నుంచి చవగ్గా, అందమైన బొమ్మలతో తెలుగులో మన ఊళ్లకు వచ్చిన పుస్తకాల్లో 1933 నాటి ఉక్రెయిన్ లేదు. ఆ పుస్తకాలు ప్రేమగా చదివిన పెద్దలు చాలామంది ఆ సంగతి చాలా ఆలస్యంగా విన్నారు. విన్నాక కూడా కొందరు, గుంటలోని సంఘం మనుషుల్లాగే, నమ్మలేకపోయారు.

ఇక పడమర. ముస్సోలినీ ఇటలీ సోషలిస్టుల పత్రిక 'అవంతి'కి సంపాదకుడు. మొదటి ప్రపంచ యుద్ధంలోకి ఇటలీ దిగాలని పట్టుబట్టి 1914 నవంబరులో పార్టీ నుంచి వెలి అయ్యాడు. 1919 మార్చి 23న మిలాన్‌లో కొత్త దళం పెట్టాడు. మొదట దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. దానికి బలం ఎక్కడొచ్చిందో చూస్తే ఫాసిజం అంటే ఏమిటో తెలుస్తుంది. పో నది లోయలో, ఫెరారా చుట్టుపక్కల, భూమిలేని కూలీలు సంఘాలు కట్టి కూలి రేట్లు పెంచుకున్నారు. పనికి ఎవర్ని పెట్టుకోవాలో కూడా సంఘమే చెప్పే స్థితి తెచ్చారు. 1920 సెప్టెంబరులో పట్టణాల కార్మికులు ఫ్యాక్టరీలను ఆక్రమించి కూర్చున్నారు. భూస్వాములు బెదిరిపోయారు. వాళ్ల డబ్బుతో, లారీలెక్కి, నల్ల చొక్కాల దళాలు రాత్రుళ్లు ఊళ్ల మీద పడ్డాయి. కార్మిక సంఘాల భవనాలు తగలబెట్టారు, నాయకుల నోళ్లలో బలవంతంగా ఆముదం పోశారు. పోలీసులు అటు తిరిగారు.

1922 అక్టోబరు 28న రోమ్ మీదికి దండు కదిలితే, ప్రధాని ఫాక్టా సైనిక శాసనం పత్రాన్ని రాజు ముందు పెట్టాడు. విక్టర్ ఇమాన్యుయేల్ సంతకం చేయలేదు. ముస్సోలినీ మిలాన్ నుంచి రాత్రి రైలెక్కి వచ్చి పదవి తీసుకున్నాడు. జర్మనీలోనూ అంతే. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయిన మంత్రివర్గంలో అతనితో కలిపి నాజీలు ముగ్గురే. తక్కినవాళ్లు అతన్ని అదుపులో పెట్టగలమనుకున్న సంప్రదాయవాదులు. అంతకుముందు నవంబరు ఎన్నికల్లో నాజీలకు 196 సీట్లు వచ్చాయి. సోషల్ డెమోక్రాట్లకు 121, కమ్యూనిస్టులకు 100. ఆ ఇద్దరూ కలవలేదు. మాస్కో చెప్పిన మాట మీద కమ్యూనిస్టులు పక్కనున్న సోషల్ డెమోక్రాట్లనే ఫాసిస్టుల కవలలని తిట్టారు. ఆ మాటకు మూల్యం ఇద్దరూ నిర్బంధ శిబిరాల్లో చెల్లించారు.

నాజీ పార్టీ పేరులో సోషలిస్టు అన్న మాట ఉంది కదా అని కొందరు అడుగుతారు. పేరు పక్కన పెట్టి పని చూడాలి. 1933 మే 1ని కార్మికుల పండగగా ప్రకటించి ఊరేగింపులు చేశారు. మే 2 పొద్దున దేశమంతా కార్మిక సంఘాల కార్యాలయాల్లోకి చొరబడి నాయకుల్ని పట్టుకుపోయారు. ఇటలీలో 1926 చట్టంతో సమ్మె నేరమైంది. క్రుప్ ఫ్యాక్టరీలు క్రుప్‌వే. ఐజీ ఫార్బెన్ ప్రైవేటు కంపెనీగానే ఉండి ఆష్విట్జ్ పక్కన బానిస చాకిరీతో ఫ్యాక్టరీ కట్టించింది. స్టాలిన్ పెద్దింటి బావులు లాక్కుని ఊరందరి బావులూ తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. హిట్లర్ బావులను సొంతదారులకే వదిలి వాళ్ల చేత తనకు కావలసిన నీళ్లు తోడించుకున్నాడు. ఆస్తి విషయంలో రెంటికీ ఉన్న తేడా ఇంతకన్నా తేలిగ్గా చెప్పడం నాకు చేతకాదు.

అసలు తేడా మనిషిని చూసే చూపులో ఉంది. మనుషులు సమానం కావాలని కమ్యూనిజం అంది, దాన్ని పాటించలేదు. సమానం కానే కారని, కాకూడదని ఫాసిజం అంది, దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. 1932లో ముస్సోలినీ పేరుతో ఇటలీ విజ్ఞాన సర్వస్వంలో అచ్చయిన వ్యాసం రాజ్యానికి వెలుపల మనిషికి విలువే లేదని చెబుతుంది. యుద్ధాన్ని మెచ్చుకుంటుంది. మూడేళ్లకు ఇథియోపియా మీద విషవాయువు పడింది. యూదుల మీద చట్టాలు ఇటలీలో 1938లో వచ్చాయి. జర్మనీలో ఆ ద్వేషం మొదటి నుంచీ ఇరుసు లాంటిది. అరవై లక్షల మంది యూదులను చంపడం ఆ సిద్ధాంతానికి పొరపాటున పట్టిన చీడ అని ఎవరూ అనలేరు. చెట్టు కాయవలసిన కాయే అది.

అందుకే తూర్పున రాయి మీది మాట చదివి నిలదీసినవాళ్లు తరం తరంలో పుట్టారు. 1956 ఫిబ్రవరిలో క్రుశ్చేవ్ తన పార్టీ మహాసభలోనే స్టాలిన్ నేరాలు చదివాడు. అదే ఏడు హంగరీ కార్మికులు తమ పేరుతో నడిచే ప్రభుత్వం మీద తిరగబడి సొంత కౌన్సిళ్లు పెట్టుకున్నారు. 1968లో ప్రేగ్ మానవ ముఖమున్న సోషలిజం అడిగింది. 1980 ఆగస్టులో పోలండ్ కార్మికులు సమ్మె కట్టిన ఓడల కర్మాగారం పేరు లెనిన్‌దే. ట్యాంకులొచ్చాయి, జైళ్లు నిండాయి, అయినా వాళ్ల చేతిలో ఒక ఆధారం ఉంది, పాలకుడు స్వయంగా సున్నం కొట్టిన రాయి. మానవ ముఖమున్న నాజీయిజం అడగాలన్న ఊహ ఎవరికైనా వచ్చి ఉంటుందా? అక్కడ అడగడానికి మాటే లేదు. ఇటలీ, జర్మనీల్లో ఆ పాలన యుద్ధంలో ఓటమితోనే కూలింది.

ఇంత చెప్పాక, తూర్పు రాయిని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనుకుంటే నేను సరిగా చెప్పలేదన్నమాట. మంచి మాట చెక్కిన రాయి నీడలో చెడు ఎక్కువ కాలం దాక్కోగలదు. మంచివాళ్లే దానికి కాపలా కాస్తారు. ఫాసిస్టు ద్వేషాన్ని మొదటి రోజే వినొచ్చు, చెవులుంటే. తాత్కాలికం అన్న మాటలోని ప్రమాదం వినబడటానికి ఏళ్లు పడుతుంది.

కనుమ దాటించిన అమ్మాయి నిజంగా ఉంది. పేరు మార్గరెట్ బూబర్ న్యూమన్, 1901లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో పుట్టింది. కమ్యూనిస్టు. ఆమె సహచరుడు హైన్జ్ న్యూమన్ జర్మన్ కమ్యూనిస్టు పార్టీ నాయకుడు. హిట్లర్ నుంచి తప్పించుకుని వాళ్లు మాస్కో చేరారు. 1937లో అతన్ని అక్కడే పట్టుకెళ్లి కాల్చేశారు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. 1938లో ఆమెను కజకిస్తాన్‌లోని కరగండా శిబిరానికి పంపారు. 1939 ఆగస్టు 23న స్టాలిన్, హిట్లర్ ప్రభుత్వాలు ఒప్పందం రాసుకుని, సెప్టెంబరులో పోలండ్‌ను చెరోవైపు నుంచీ ఆక్రమించాయి. 1940 ఫిబ్రవరిలో బ్రెస్ట్ లిటోవ్‌స్క్ దగ్గర, బుగ్ నది వంతెన మీద, సోవియట్ పోలీసులు ఆమెను హిట్లర్ గెస్టాపోకు అప్పగించారు. వంతెన మీద ఆమెతో పాటు జర్మన్ కమ్యూనిస్టులున్నారు, యూదులూ ఉన్నారు.

అక్కణ్నుంచి రావెన్స్‌బ్రూక్ ఆడవాళ్ల శిబిరం. అక్కడ బందీలుగా ఉన్న కమ్యూనిస్టులు ఆమెను పక్కన కూర్చోబెట్టి ప్రశ్నించారు. సోవియట్ శిబిరాల గురించి చెప్పింది. ద్రోహి అని వెలివేశారు. ఆమె మాట నమ్మి స్నేహం చేసినవాళ్లలో ప్రేగ్ పత్రికా రచయిత్రి మిలెనా యెసెన్‌స్కా ఒకరు. బయటపడ్డాక ఇద్దరం కలిసి రెండు రకాల శిబిరాల గురించీ ఒకే పుస్తకం రాద్దామని మిలెనా అంది. 1944 మే 17న ఆమె ఆ శిబిరంలోనే చనిపోయింది.

యుద్ధం అయ్యాక మార్గరెట్ ఒక్కతే కూర్చుని ఆ పుస్తకం రాసింది. మొదటి సగంలో కరగండా ఉంది, రెండో సగంలో రావెన్స్‌బ్రూక్.